కత్తిరించిన చరణం

"నావొచ్చి ఒడ్డున తొంగుంది, ఏరొచ్చి సంద్రాన తొంగుంది..."

అక్కడే ఆగిపోయింది గ్లోరీ. ఆఖరి చరణం ఎంత తలచుకున్నా గుర్తు రాలేదు.

చిన్నప్పుడే పోయిన తల్లి గుర్తుగా తనకు మిగిలింది ఆ జోలపాట ఒక్కటే. నాన్న బాధపడతాడని ఆయన ముందు ఎన్నడూ పాడలేదు. ఎచ్చెర్ల యూనివర్సిటీలో ఎం.సి.ఎ. ప్రాజెక్టుగా తయారుచేసిన రికార్డింగ్ ప్రోగ్రాంలో మొదట అదే పాడాలని, పుట్టిన ఊరు కళింగపట్నం వచ్చి, చర్చి అరుగు మీద లాప్‌టాప్ పెట్టుకుని కూర్చుంది.

పాట ఆగిన చోట, మెట్ల దగ్గర నుంచి సన్నటి గొంతు లేచింది. ఎండుచేపల గంప దించుకుని కూర్చున్న ముసలామె. రికార్డింగు పాడవుతోందన్న చిరాకులో గ్లోరీ ఆ మాటలు చెవిన పెట్టలేదు.

"అమ్మా, రికార్డవుతోంది. కాస్త పాడకుండా ఉంటారా?"

"అలగే తల్లీ. మద్దిలో ఆపీసినావని అందుకున్నాను. ఎవులి పాటది?"

"మా అమ్మ పాట."

ముసలామె ఆమె ముఖంలోకి కాసేపు చూసింది.

"అలగా" అని గంప ఎత్తుకుని వెళ్లిపోయింది.

ఆ గొంతున్న ముక్కను గ్లోరీ విననైనా వినకుండా కత్తిరించేసింది.

అయితే ఆ ప్రోగ్రాంలో కత్తిరించినదేదీ పోదు. అసలు రికార్డింగు అలాగే ఉంటుంది. ‘ఇక్కడ వినిపించకు’ అన్న గుర్తు మాత్రం పక్కన చేరుతుంది. గ్లోరీ పట్టుబట్టి పెట్టిన పద్ధతే అది. "కోసిందల్లా దాసుకోడానికి ఇదేటి, ఎండుసేపల కొట్టా?" అని తోటి విద్యార్థి మోహనకృష్ణ ఏడిపించేవాడు.

వానాకాలానికి ప్రాజెక్టు గట్టెక్కింది. ధైర్యం చేసి తండ్రి డేవిడ్‌రాజుకు పాట వినిపించింది.

"ఆఖరుది ఏదమ్మా?" అన్నాడాయన.

అప్పుడు గుర్తొచ్చింది ముసలామె. గ్లోరీ ‘వినిపించకు’ అన్న గుర్తు తీసేసి మళ్లీ పెట్టింది.

"...మా బేబీ నా రొమ్ము మీద తొంగుంది."

గ్లోరీ ఉలిక్కిపడింది. బేబీ అన్నది తన ముద్దుపేరు. నాన్న తప్ప ఎవరూ అలా పిలవరు.

డేవిడ్‌రాజు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. "అసిరమ్మ. మన పక్కింట్లో ఉండీది. ఈ పాట దానిదే" అన్నాడు.

వెంటనే ఊరికి ఫోన్ చేశాడు. అసిరమ్మ పోయి నెల దాటిందన్నారు.

గ్లోరీ ఆ చరణం మరోసారి పెట్టుకుని వింది. ఆ గొంతు చెరిగిపోనందుకు మనసులోనే దేవునికి స్తోత్రం చెప్పుకుంది. తర్వాత రికార్డింగుకు ‘అమ్మ పాట’ అని తను పెట్టిన పేరు చెరిపి, ‘అసిరమ్మ పాట’ అని మార్చబోయింది.

డేవిడ్‌రాజు ఆమె చెయ్యి పట్టుకుని ఆపాడు.

"మార్సకమ్మా. మీ అమ్మ నిన్ను కన్నకాడ్నించి మంచం మీదే ఉండిపోయినాది. నీకు పాలిచ్చింది అసిరమ్మే. నువ్వు మొదట అమ్మా అని పిలిసింది కూడా దాన్నే."