పుర్రె గుహలో తనిఖీ

టికెట్ చించి ఇస్తున్నప్పుడే గైడమ్మకు అర్థమైపోయింది, వచ్చింది ఆయనేనని.

తెల్లజుట్టు. మెడలో తాడుకు వేలాడే కళ్లజోడు. చొక్కా జేబులో చిన్న టార్చిలైటు. మామూలు జనం కొండ అంచుకు రాగానే సముద్రం వైపు పరిగెత్తి ఫోటోలు దిగుతారు. ఈ పెద్దాయన సముద్రానికి వీపు పెట్టి కొండరాయిని పరీక్షగా చూస్తున్నాడు. పక్కన ఆయన భార్య చెప్పులు చేత పట్టుకుని, దిగాల్సిన మెట్లు చూసి నిట్టూరుస్తోంది.

వారం కిందటే ఆఫీసు నుంచి కబురొచ్చింది. పురావస్తు శాఖ నుంచి ఒకాయన మామూలు మనిషిలా టికెట్ కొనుక్కుని వస్తాడట. ఈ గుహకు చరిత్ర ఉందని ఆయన రాస్తే రెయిలింగ్ వేస్తారు, గైడమ్మ ఉద్యోగం పర్మనెంట్ చేస్తారు. లేదని రాస్తే, ప్రమాదమని చెప్పి ముళ్లకంచె వేసేస్తారు. పదకొండేళ్లుగా ఆమెకు తెలిసిన పని ఇదొక్కటే.

ఆయనతో పాటు మరో నలుగురు సందర్శకులున్నారు. గైడమ్మ గొంతు సవరించుకుంది.

“జాగ్రత్తగా దిగండి. మూడొందల ఏళ్ల కిందట సముద్రపు దొంగలు దోచిన సొత్తు భుజాన వేసుకుని ఎక్కిన మెట్లివి!”

“ఎత్తు సమానంగా లేవు,” అన్నాడు పెద్దాయన.

“దొంగలకు కొలతలేం తెలుస్తాయి సార్!”

ఆయన మొహం చిన్నబుచ్చుకున్నాడు. భార్య మాత్రం పగలబడి నవ్వింది.

గుహ ముఖద్వారం పైన మనిషంత పుర్రె చెక్కి ఉంది. అల వచ్చి కొట్టినప్పుడల్లా అది గర్జించినట్టు ఉంటుంది. గైడమ్మ చెయ్యెత్తి చూపించింది.

“దొంగల నాయకుడు ఒంటికన్నువాడు. అందుకే చూడండి, పుర్రెకు ఎడమ కన్ను లోతుగా ఉంటుంది. కుడి కన్ను పైపైన గీసి వదిలేశారు.”

“టైము సరిపోలేదేమో,” అన్నాడు పెద్దాయన.

గైడమ్మ నవ్వేసి, గబగబా అందరినీ లోపలికి నడిపించింది. ఈయన దేన్నీ వదిలిపెట్టేలా లేడు.

లోపల నాయకుడి సింహాసనం. ఒకే బండలోంచి తొలిచినట్టున్న పెద్ద పీట. అందరూ దాని మీద కూర్చుని ఫోటోలు దిగారు. పెద్దాయన మాత్రం వంగి, వేలి కణుపులతో తట్టి, చెవి ఆనించి విన్నాడు.

“చూశావా అమ్మాయ్,” భార్య గైడమ్మతో వాపోయింది. “ఇంట్లో వంటగది గోడ పెచ్చులూడుతోందంటే ఏడాదిగా అటు తిరిగి చూడరు. ఇక్కడికొచ్చి ప్రతి రాయీ తడుముతున్నారు!”

“వాళ్ల చూపే వేరమ్మా,” అంది గైడమ్మ వినయంగా.

సరిగ్గా అప్పుడే పెద్ద అల ఒకటి గుహలోకి దూసుకొచ్చింది. అందరూ కెవ్వుమన్నారు. ఒక భారీకాయుడు కాలు జారి, గోడకున్న ఇనుప కడియాన్ని పట్టుకోబోయాడు.

“అది పట్టుకోకు బాబూ, బరువు ఆగదు!” పెద్దాయన అరిచాడు.

“ఎందుకాగదు సార్?” గైడమ్మకు రోషం వచ్చింది. “బందీలను గొలుసులతో కట్టేసిన కడియం! మూడొందల ఏళ్లుగా...”

మాట పూర్తికాకుండానే కడియం ఊడి భారీకాయుడి చేతిలోకి వచ్చింది. అతను నీళ్లలో చతికిలబడ్డాడు.

గుహంతా నవ్వులు. గైడమ్మకు మాత్రం కళ్లముందు ముళ్లకంచె కనబడింది.

పెద్దాయన అతన్ని లేవదీశాడు. కడియం తీసుకుని తుడిచాడు. కింద వెతికి రెండు రాతిపెచ్చులు ఏరాడు. కన్నంలో కడియం కాడ పెట్టి, పక్కన పెచ్చులు దూర్చి, గుండ్రాయితో నాలుగు దెబ్బలు వేశాడు. లాగి చూశాడు. కదల్లేదు.

“రాయి మోసం చెయ్యదు. ఉప్పుగాలికి ఇనుమే మోసం చేస్తుంది,” అన్నాడు.

పైకి వచ్చాక మిగతావాళ్లు వెళ్లిపోయారు. భార్య బెంచీ మీద కూర్చుని కాళ్లు ఒత్తుకుంటోంది. గైడమ్మ ఇక ఉండబట్టలేక పెద్దాయన దగ్గరికి వచ్చి చేతులు జోడించింది.

“సార్, మీ దగ్గర దాచడం ఎందుకు? నేను రోజూ చెప్పే, గుహలో ఏడ్చే రాకుమారి కథ నేను కలిపిందే. జనం ఆవులిస్తుంటే చూడలేక కలిపాను. దొంగల దగ్గరున్న కత్తుల లెక్క కూడా ఏడాదికేడాది నా నోట్లోనే పెరిగింది.”

“ఎంత దాకా వచ్చింది?”

“నాలుగొందలు సార్.”

పెద్దాయన మీసం చాటున నవ్వుకున్నాడు.

“కానీ సార్, ఆ పుర్రె, ఆ సింహాసనం, ఆ కడియాలు... అవి నేను కల్పించినవి కావు. కళ్లెదురుగా ఉన్న సాక్ష్యాలు. పొద్దున్నే వచ్చి పుర్రెను ఒకసారి చూస్తే గానీ నాకు రోజు మొదలవదు. నన్ను అబద్ధాలకోరునని రాయండి, ఒప్పుకుంటాను. గుహను మాత్రం కాదనకండి.”

పెద్దాయన చాలాసేపు కింద పుర్రె వైపు చూశాడు. ఆయన కళ్లు చెమర్చాయి. కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

“అంత బాగున్నాయా తల్లీ?”

“అంత బాగుండటమేమిటి సార్! ఈ రోజుల్లో ఎవరు చెక్కగలరు అలా?”

ఆయన అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి, సిగ్గుపడుతూ చెప్పాడు: “నేను ఏ శాఖవాణ్ణీ కాదమ్మా, నలభై ఏళ్ల కిందట ఒక సినిమా షూటింగు కోసం పది రోజుల్లో ఆ పుర్రె, సింహాసనం, మెట్లు సిమెంటుతో కట్టి, ఆ కడియాలు బిగించిన మేస్త్రిని.”