శబ్దం వస్తే చాలు

"ఇంతకంటే గట్టిగా మోగేది లేదాండీ?"

షాపతను చేతిలోని కీబోర్డు కింద పెట్టి ఆమెను ఎగాదిగా చూశాడు.

"కొట్టు పెట్టిన దగ్గర్నుంచీ చప్పుడు లేనిది ఇవ్వమన్నవాళ్లే గానీ, మోగేది కావాలన్న మనిషిని మిమ్మల్నే చూస్తున్నానమ్మా. ఇది కీబోర్డు, డప్పు కాదు."

"తెలుసండీ. మా మామగారికి వినపడాలి."

"ఆయన టైపు చేస్తారా?"

"ఆయన మంచం మీద ఉంటారు. టైపు చేసేది మావారు. పక్క గదిలో."

షాపతనికి తలా తోకా అర్థం కాలేదు. ఆమెకు చెప్పక తప్పింది కాదు.

మామగారు బట్టల మిల్లులో మగ్గాల దగ్గరే ముసలివాడైన మనిషి. ఇప్పుడు చూపు పోయింది, కాళ్లు పడిపోయాయి, మిగిలినవి చెవులే. కొడుకు ఇంట్లో కూర్చునే ఆఫీసు పని చేసుకుంటాడు. గోడవతల నుంచి వచ్చే ఆ టకటకలే పెద్దాయనకు కాలక్షేపం, ధైర్యం. పోయిన నెల కీబోర్డు మీద టీ ఒలికిందన్నాడు కొడుకు. అది మూలపడింది. అప్పట్నుంచీ ల్యాప్‌టాప్ మీటల మీదే కానిస్తున్నాడు. వాటిని నొక్కితే చీమ నడిచినంత చప్పుడు కూడా రాదు.

మిల్లులో మగ్గం మోగని రోజున కూలి ఉండేది కాదు. పెద్దాయన ఇక్కడా అదే అనుకున్నాడు.

"వాడి ఉద్యోగం పోయింది. నా దగ్గర దాస్తున్నారు," అని పట్టు పట్టాడు.

ముసలితనపు చాదస్తమని ఇంట్లో నవ్వుకున్నారు. కానీ నిన్న దుప్పటి మారుస్తుంటే దిండు కింద గుప్పెడు గుండె మాత్రలు కనిపించాయి. అవి ఆగితే ఇక తన చేతిలో ఏమీ ఉండదని డాక్టరు ముందే చెప్పి ఉన్నాడు.

"ఏంటి మామయ్యా ఈ పని?"

"పని లేనివాడి నెత్తిన నా మందులు కూడా ఎందుకమ్మాయ్?"

"ఆయన ఉద్యోగం నిక్షేపంగా ఉంది. దేవుడి మీద ఒట్టు."

దేవుడి పేరును మన అవసరాలకు వాడకూడదని ఆమె నమ్మకం. ఎన్నడూ ఒట్టు వేసి ఎరగదు. అయినా వేసింది.

"నువ్వు మంచిదానివే. కానీ నా చెవులు అబద్ధం చెప్పవు," అని పెద్దాయన గోడవైపు తిరిగి పడుకున్నాడు.

కొత్త కీబోర్డు కొనుక్కోమంటే భర్త తలెత్తలేదు. "నాకెక్కడ తీరుతుంది? నువ్వే తీసుకురా," అన్నాడు.

"ఏ రకం తేవాలి?"

"ఏదైనా ఫర్వాలేదు. శబ్దం వస్తే చాలు."

అంతా విని షాపతను నిచ్చెన వేసుకున్నాడు. పై అరలోంచి దుమ్ము పట్టిన పెట్టె ఒకటి దింపాడు. లోపల ఇటుకంత బరువున్న పాత కీబోర్డు. ఒక్క మీట నొక్కగానే పక్కన హెడ్‌ఫోన్లు చూస్తున్నతను ఉలిక్కిపడ్డాడు.

"మీరు కొడుతూ ఉండండి. నేను బయట నిలబడి వింటాను," అని ఆమె అద్దం తలుపు మూసి, కాలిబాట మీద నిలబడి కళ్లు మూసుకుంది. బస్సు హారన్ల మధ్య కూడా వినపడింది.

"ఇదే ఇవ్వండి!"

"పాతకాలందమ్మా. వైరు చివర గుండ్రటి పిన్ను ఉంటుంది, ల్యాప్‌టాప్‌కి పట్టదు. ఇదిగో, మధ్యలో ఈ ముక్క పెట్టుకోవాలి," అంటూ వేలెడంత కనెక్టరు చూపించాడు. అంతలోనే హెడ్‌ఫోన్లతను ధర దగ్గర గొడవకు దిగాడు. ఆమె తలూపింది, ధ్యాసంతా ఇంటి మీదే ఉంది. బిల్లు మీద ఫోను నంబరు రాసిచ్చి గబగబా బయటపడింది.

భర్త గది తలుపు ఓరగా తీసి పెట్టె అందుకున్నాడు. "మీటింగుంది," అని మళ్లీ వేసుకున్నాడు. కాసేపటికే మొదలైంది. టకటకటక.

పెద్దాయన తల లేపాడు. ముఖం వెలిగింది.

"అదీ! ఆ మాత్ర ఇలా తే అమ్మాయ్."

మింగి, నీళ్లు తాగి, గోడకు చెవి ఆన్చాడు. "ఏం వేగంరా నాయనా! వీడు మా మిల్లులో చేరుంటే మేస్త్రీ అయ్యేవాడు."

మర్నాడూ పొద్దున్నుంచీ అదే జోరు. పెద్దాయన అడక్కుండానే మాత్రలకు చెయ్యి చాపుతున్నాడు. అన్నం దగ్గర ఆమె భర్తను అడిగింది.

"ఎలా ఉందండీ కీబోర్డు?"

"ఊఁ. బాగుంది."

"మీటలు మరీ గట్టిగా ఉన్నాయి. వేళ్లు నొప్పి పుడతాయేమో."

"అలవాటవుతుందిలే," అని సగం అన్నం వదిలేసి గదిలోకి వెళ్లిపోయాడు. పాపం ఎంత పనో అనుకుంది. నా ఒట్టు నిలబెట్టావు స్వామీ అని మనసులోనే దండం పెట్టుకుంది.

కంచాలు తీస్తుంటే ఫోను మోగింది. షాపతను.

"తప్పు నాదేనమ్మా. నిన్న ఆ గొడవలో కనెక్టరు మీ పెట్టెలో వేయడం మరిచాను. నా బల్ల మీదే ఉండిపోయింది. మీవారు ఎంత తిట్టుకుంటున్నారో ఏమో!"

"అయ్యో, లేదండీ. అది బాగానే పని చేస్తోంది. నిన్నట్నుంచీ ఆయన పనంతా దాని మీదే."

షాపతను నవ్వాడు. "ఎలా చేస్తుందమ్మా? తగిలించడానికే కుదరదు. ఈ ముక్క లేకపోతే అది ఒట్టి చెక్క. ఒక్క అక్షరం పడదు. సాయంత్రం వచ్చి పట్టుకెళ్లండి."

ఫోను చెవి దగ్గరే ఉండిపోయింది. మంచం మీంచి పెద్దాయన చెయ్యి చాపాడు.

"అమ్మాయ్, మధ్యాహ్నం మాత్ర ఇవ్వలేదు."

ఆమె మూసిన తలుపు వైపు చూసింది.

లోపలి నుంచి టకటకలు వస్తూనే ఉన్నాయి.