బేసి బద్ద

పుట్టిన ప్రతి బిడ్డకీ చెవిలో పలుకుపూస పెట్టేస్తున్న రోజులవి. ఏ లెక్క అడిగినా చెవిలోనే జవాబు చెప్పేస్తుందది. ఇక బడిలో లెక్కలెందుకు, వద్దనుకున్న పెద్దవాళ్లు కాగితం మీద సంతకమో వేలిముద్రో వేసి పిల్లల చేత మాన్పించుకోవచ్చంది సర్కారు. అందరూ మాన్పించేశారు. గంగులమ్మ వేలిముద్ర ఒక్కటే మిగిలిందని ఫణికుమారి టీచరు ఆ మధ్యాహ్నం మేదర వీధికి వచ్చింది. అదీ పడితే లెక్కల గదికి తాళమే.

ముద్ర వెయ్యడానికని గంగులమ్మ వేలు తుడుచుకుంటూండగా, పక్కనే గంప అల్లుతున్న మనవరాలు కోమలి చెయ్యి ఆపింది. పదహారు వెదురు బద్దలు పరిచింది పిచ్చిపిల్ల. రెండో చుట్టు మొదటి చుట్టులాగే పడి, అల్లిక జారిపోతోంది.

"అమ్మమ్మా, ఇంకో బద్ద వెయ్యమంటోంది పూస. ఎందుకే?"

"బేసి ఉండాలే తల్లీ. మా అమ్మ చెప్పింది, నేను వేశాను. ఎందుకని ఎవరడిగారు?"

పూస ఏదో చెప్పబోయింది. కోమలి దాన్ని తీసి ఒళ్లో పెట్టుకుంది.

"నువ్వు చెప్పకు. నేనే చూస్తా."

నాలుగు పుల్లలతో అల్లింది, ఐదింటితో అల్లింది, నాలుక బయటపెట్టి మరీ ఆలోచించింది.

"సరి అయితే పైనుంచి పోయిన చోట మళ్లీ పైనుంచే పోతుందే! బేసి అయితే రెండో చుట్టుకి కిందికి మారుతుంది. అందుకే బిగుస్తుంది. తొంభై ఒకటేసినా నిలుస్తుందే అమ్మమ్మా!"

అరవై ఏళ్లుగా తన చేతులు చేస్తున్నదేమిటో గంగులమ్మకి ఆ పూట తెలిసింది. కళ్లు చెమర్చాయి. ముద్ర వెయ్యాల్సిన వేలు కొంగులో దాచేసుకుంది.

"క్లాసులో పిల్ల ఒక్కతే అయిపోతుంది పెద్దమ్మా," అంది టీచరు.

"ఒక్కతెందుకవుతుందమ్మా? పక్కన నేను కూర్చుంటాగా. నాకూ ఒక పలక తెచ్చిపెట్టు."