పచ్చల్లు

వెబ్‌సైట్లూ బోర్డులూ వాటంతటవే తయారైపోతున్న రోజుల్లో, ఫ్రీలాన్స్ డిజైనర్ హైమవతికి మిగిలింది ఒకటే పని: తప్పుల్ని కాపాడటం.

తెనాలి నుంచి పచ్చళ్ల కొట్టు గురవయ్య ఫోన్ చేశాడు.

“మా నాన్న బోర్డు మీద ‘పచ్చల్లు’ అని రాయించాడమ్మా. ఆ తప్పు చూసే జనం మమ్మల్ని గుర్తుపట్టేది. ఇప్పుడు వెబ్‌సైటు అడక్కుండానే ‘పచ్చళ్లు’ అని దిద్దేస్తంది. వచ్చినోళ్లు మా కొట్టు కాదనుకుని పోతన్నారు.”

హైమవతి ఆ ‘ల్ల’ని ఒకదాని కింద ఒకటి వేలాడే రెండు మామిడికాయల్లా గీసింది. తప్పులు దిద్దే యంత్రం అది బొమ్మే అనుకుని వదిలేసింది. జనం మాత్రం చదువుకున్నారు. కొట్టు మళ్లీ కిటకిటలాడింది.

వారం తిరక్కుండా ఎదురుకొట్టు సుభద్రమ్మ ఫోన్ చేసింది.

“మాక్కూడా ఒక తప్పు కావాలమ్మాయ్. గురవయ్య దానికంటే కాస్త పెద్దది చూడు.”