ఆఖరి టైరు

"ఎంత కొట్టాలె తమ్మీ?" నాచారంలో పంక్చర్ షాపు కొమురెల్లి గాలి పైపు పట్టుకుని అడిగాడు.

"ముప్పై చాలన్నా. పాత రబ్బరు, పేలుతది," అన్నాడు దయాకర్. పొద్దున ఒక టైరు పోయాక, తాతల నాటి ఆ కారుకు మిగిలిన స్పేరు టైరు అదొక్కటే. అలాంటివి ఇప్పుడెక్కడా దొరకవు. ఉప్పల్‌లో చెల్లెలి పెళ్లి బారాత్ ఈ కారు కోసమే ఆగి ఉంది.

ముందు సీట్లోంచి తండ్రి నర్సింగం ఎడమచేయి ఎత్తాడు. ఐదు వేళ్లు చూపించి, మళ్లీ ఒకటి చూపించాడు. పక్షవాతంతో ఆయనకు మాట పోయింది.

"అరవై అంటుండు," అన్నాడు కొమురెల్లి.

"బాపుకు మతి ఉంటలేదన్నా. నువ్వు ముప్పై కొట్టు."

"పొద్దున పోయిన టైరుకు గూడ ముప్పయ్యేనా? అది పేలలే తమ్మీ. గాలి సాలక రిమ్ములకెల్లి ఊడింది."

పొద్దున కూడా తండ్రి అవే వేళ్లు చూపించాడు. దయాకరే ఆ చేతిని దించి, కారు తలుపు వేశాడు.

నర్సింగం కాలీడ్చుకుంటూ దిగి వచ్చి, టైరు మీద చేయి వేశాడు.

"తియ్యమను! పేలితే చెయ్యి పోతది," అన్నాడు కొమురెల్లి.

ఆయన తియ్యలేదు. దయాకర్ ఆ చేతి పక్కనే తన చేయి పెట్టాడు.

"కొట్టన్నా. బాపు సాలనేదాక కొట్టు."