కొవ్వు ముసుగు

ప్రొద్దుటూరులోని ఇంట్లో తలుపులు మూసి, బెంగళూరు డాక్టరయిన మేనల్లుడు కాటమయ్యకు కొత్త పరీక్ష గురించి చెబుతున్నాడు. 1994 ఎన్నికల నామినేషన్లు అయ్యేదాకా కాటమయ్య కడుపులో గడ్డ సంగతి ఎదుటి పార్టీకి పొక్కకూడదు. అందుకే గదిలో మూడో మనిషి యల్లయ్య ఒక్కడే. పద్దెనిమిదేళ్లుగా కాటమయ్య తాగే మంచినీళ్లయినా ముందు అతను తాగి చూడాల్సిందే.

“రేడియేషన్ మందును సన్న కొవ్వు బుడగల్లో పెట్టి నెత్తుర్లోకి ఎక్కిస్తాం మామా. ఒళ్లు దాన్ని సొంత కొవ్వే అనుకుని అడ్డుకోదు. అది గడ్డ కాడికి పోయి, యాడుందో బయట మిషన్‌కు చూపిస్తాది.”

కాటమయ్య పకపకా నవ్వాడు. “ఎదుటోళ్లలోకి వాళ్ల మనిషి మాదిరి మనోణ్ణి తోలినట్టు! ఇది మనం చేసే పనే కదప్పా! సరే, ముందు యల్లయ్యకు ఎక్కించు.”

“ఆయప్పకు గడ్డ లేదు కదా మామా!”

యల్లయ్య మాత్రం నవ్వలేదు. “చూపించినాక ఆ మందు ఏమైతాది సారూ?” అని అడిగాడు.

“దాని పని అయిపోయినట్టే. ఒంటేలుతో బయటికి పోతాది.”

మర్నాడు ఎవరికీ చెప్పకుండా ముగ్గురూ జీపులో బెంగళూరుకు బయలుదేరారు. పులివెందుల దాటాక, ఒక కల్వర్టు దగ్గర యల్లయ్య జీపు ఆపించాడు.

“ఒంటేలుకు పోయొస్తాన్నా” అని దిగి, బండల వెనక్కి వెళ్లాడు.

కాటమయ్య శానాసేపు చూశాడు. యల్లయ్య రాలేదు. ముందొకటి, వెనకొకటి, ఎదుటి పార్టీ జీపులు మాత్రం వచ్చాయి.