చప్పుడు చేయని ఏసీ

"ఏసీ లేని గదిలో కూర్చుని సంతకం పెట్టమంటావా అమ్మా? నహీ హోగా," అన్నాడు సుందర్‌రాజ్.

పోర్ట్‌బ్లెయిర్‌లో తెల్లదొరల కాలంలో పడాక్ కర్రతో కట్టిన సర్కారు ఆఫీసు అది. సుందర్‌రాజ్ దానికి పెద్ద. కరెంటు ఖర్చు తగ్గేలా ఆ భవనాన్ని బాగుచేసే పని జూనియర్ ఇంజనీరు అబిగేలు మీద పడింది. ఆమె పాత ఏసీలన్నీ పీకించేసింది. ఎప్పుడో మేకులు కొట్టి మూసేసిన వెంటిలేటర్లనూ, కిటికీల చెక్క రెక్కలనూ వడ్రంగి నూకయ్య చేత తెరిపించింది.

మిగిలింది సుందర్‌రాజ్ సంతకమే. శుక్రవారంలోగా అది పడకపోతే ఫైలు వెనక్కి పోతుంది. ఆ కిటికీలు ఊడబెరికి అద్దాలు బిగిస్తారు.

"సముద్రపు గాలి వస్తోంది కద సార్," అంది అబిగేలు.

"గాలికేం, జెట్టీ మీదా వస్తుంది. ఆఫీసరన్నాక గదిలో ఏసీ ఉండాలి."

అబిగేలు మొహం వేలాడేసుకుని వరండాలోకి వచ్చింది. సంగతి విని నూకయ్య బీడీ ఆర్పేశాడు.

"దీనికేటి దీదీ, టెన్షన్ మత్ లో. రేపు సుబే కల్లా బిగించేత్తాను."

అన్నట్టే మంగళవారం పొద్దున సుందర్‌రాజ్ కుర్చీ వెనక గోడ మీద, తెరిచిన వెంటిలేటరు ముందు తెల్లటి డబ్బా మెరిసింది.

"రిమోట్ ఏదీ?"

"అక్కర్లేదు సార్. బయటి వాతావరణాన్ని బట్టి దానంతటదే సర్దుకుంటుంది."

"చప్పుడే లేదే?"

"మీకు ఇబ్బంది ఉండకూడదని సార్."

సుందర్‌రాజ్ కళ్లు మూసుకున్నాడు. మెడ వెనక చల్లగా తగిలింది.

"వాహ్! చల్లదనమంటే ఇదీ."

బుధవారం చొక్కా పైగుండీ పెట్టుకున్నాడు. గురువారం వాన పడింది. రెండుసార్లు తుమ్మాడు. అంత హాయిగా తుమ్మి ఎన్నేళ్లయిందో! పక్క ఆఫీసు అధికారిని పిలిచి, టీ ఇప్పించి, అరగంట ఆ గదిలోనే కూర్చోబెట్టాడు.

"మీ మీటరు గిర్రున తిరుగుతుంది భయ్యా. మాది చూడండి, కదిలితే ఒట్టు!"

శుక్రవారం అబిగేలు ఫైలు తెచ్చింది. సుందర్‌రాజ్ సంతకం గీకేసి, పెన్ను మూత పెట్టబోయి ఆగాడు.

"నేనొక్కణ్ణే సుఖపడితే ఎలా? స్టాఫ్ ఏం పాపం చేశారమ్మా? మిగతా పదకొండు గదులకూ ఇవే పెట్టించు."

"తప్పకుండా సార్," అంది అబిగేలు, నవ్వు బిగబట్టుకుని.

ఆ మధ్యాహ్నమే నూకయ్య వెనక షెడ్డులో పదకొండు ఖాళీ చెక్కపెట్టెలకు తెల్లరంగు వేయడం మొదలుపెట్టాడు.